క్యాండిడా కల్చర్ మళ్ళీ పాజిటివ్: ఇది నిజంగా రెసిస్టెన్సేనా?

ఐసీయూ_దర్గామిట్ట
58 ఏళ్ళ షుగర్ పేషెంట్. పేగుకి రంధ్రం పడి అత్యవసరంగా ఆపరేషన్ జరిగింది. మెడలో సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి పెట్టిన గొట్టం), దాన్లోంచే టీపీఎన్ (రక్తంలోకి నేరుగా ఇచ్చే పోషణ) పోతా ఉంది. పది రోజులుగా మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్. జ్వరం తగ్గలేదని బ్లడ్ కల్చర్ పంపితే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) పెరిగిందని ల్యాబ్ వాళ్ళు ఫోన్ చేశారు. అదే రోజు ఫంగస్ మందు ఫ్లూకొనజోల్ 200 మి.గ్రా. రోజుకోసారి మొదలైంది. తర్వాత వచ్చిన రిపోర్టులో ‘క్యాండిడా హీమ్యులోనై’ అని ఉంది. ఫ్లూకొనజోల్ ఎంఐసీ (ఫంగస్ పెరుగుదల ఆపడానికి కావాల్సిన కనీస మందు) 64, ఆంఫోటెరిసిన్ ఎంఐసీ 8. ఐదో రోజు పంపిన కల్చర్ కూడా పాజిటివే. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9.

డోసు పెంచమని ఒకరు, ఆంఫోటెరిసిన్‌కి మారమని ఒకరు, అసలది లైనులోంచి వచ్చిన కంటామినేషన్ అని ఇంకొకరు. ఆంఫో కూడా పడకపోతే ఇంక మిగిలేదేంది?

కల్చర్‌ప్లేట్_ఒంగోలు
మొదట కంటామినేషన్ సంగతి. రక్తంలో ఒక్క బాటిల్‌లో ఒక్కసారి క్యాండిడా పెరిగినా దాన్ని కంటామినేషన్ అనకూడదు. చర్మం మీది స్టాఫ్ బ్యాక్టీరియాకి వర్తించే లెక్క దీనికి వర్తించదు. పైగా క్యాండిడా రక్తంలో ఉన్నా దాదాపు సగం కేసుల్లో కల్చర్‌కి దొరకదు. మీకు రెండుసార్లు దొరికింది.

రెండోది, ఆ పేరు. ఫంగస్ పేరు గుర్తించే వైటెక్-2 యంత్రం పాత సాఫ్ట్‌వేర్‌లో క్యాండిడా ఆరిస్ అనే రకం లేదు. అందుకని దాని దగ్గరి చుట్టం హీమ్యులోనై పేరు వేసేస్తుంది. ఐసీయూలో, సెంట్రల్ లైన్ ఉన్న పేషెంట్‌లో, ఫ్లూకొనజోల్ ఎంఐసీ 64తో హీమ్యులోనై అని వస్తే, కాదని తేలేదాకా ఆరిస్ అనే అనుకోవాలి. ల్యాబ్‌లో ఖర్చు లేకుండా చేయగలిగిన పరీక్ష ఒకటుంది. ఫంగస్ పెంచే సబురో ప్లేటు మీద గీసి 42 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టమనండి. ఆరిస్ పెరుగుతుంది, హీమ్యులోనై పెరగదు. ఇది అనుమానం బలపడటానికే, ఖాయం చేయడానికి మాల్డీటాఫ్ (ప్రోటీన్లను బట్టి పేరు గుర్తించే యంత్రం) కావాలి, దాని లైబ్రరీ కూడా కొత్తదై ఉండాలి.

మూడోది, ఆంఫో ఎంఐసీ 8 చూసి బెదరొద్దు. ఆరిస్ విషయంలో వైటెక్ ఆంఫోటెరిసిన్ ఎంఐసీని ఎక్కువ చేసి చూపిస్తుందని బాగా తెలిసిన సంగతే. ఈ-టెస్ట్ స్ట్రిప్‌తోనో బ్రాత్ మైక్రోడైల్యూషన్‌తోనో (ఎంఐసీ కొలిచే వేరే పద్ధతులు) మళ్ళీ చూడకుండా ‘ఆంఫో రెసిస్టెంట్’ అని రాయకూడదు. ఎంఐసీ ఎంత ఉంటే రెసిస్టెంట్ అనాలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఇచ్చిన తాత్కాలిక గీతలు ఇవి: ఫ్లూకొనజోల్ 32 అంతకు పైన, ఆంఫోటెరిసిన్ 2 అంతకు పైన, క్యాస్పోఫంగిన్ 2, మైకాఫంగిన్ 4, అనిడులాఫంగిన్ 4. ఈ-టెస్ట్‌లో ఆంఫో 1.5 వస్తే దాన్ని 2గా లెక్కవేయాలి.

కిడ్నీ_కావలి
ఆ 200 మి.గ్రా. ఎవరు రాశారో గానీ, ఫంగస్ సెన్సిటివ్ అయినా ఆ డోసుతో ఫెయిలయ్యేదే. క్యాండిడీమియాలో (రక్తంలో క్యాండిడా ఉన్నప్పుడు) ఫ్లూకొనజోల్ మొదటి రోజు 800 మి.గ్రా. (కిలోకి 12), తర్వాత రోజుకి 400 (కిలోకి 6). కిడ్నీ దెబ్బతిన్నా లోడింగ్ డోసు తగ్గించకూడదు. క్రియాటినిన్ క్లియరెన్స్ 50 కంటే తగ్గితే తర్వాతి డోసులు మాత్రమే సగం చేయాలి. ‘కిడ్నీ బాలేదు’ అని మొదటి రోజే 200 ఇవ్వడం మన ఐసీయూల్లో చాలాచోట్ల కనిపించే పొరపాటు.

ఇప్పుడు డోసు పెంచమన్నవాళ్ళ మాట. కిడ్నీ మామూలుగా ఉన్న మనిషిలో ఫ్లూకొనజోల్ ఏయూసీ (రోజు మొత్తం మీద రక్తంలో ఉండే మందు లెక్క) ఇంచుమించు రోజుకి ఇచ్చిన మిల్లీగ్రాములంత ఉంటుంది. దాన్ని ఎంఐసీతో భాగిస్తే 25 దాటాలి. 800ని 64తో భాగిస్తే 12.5. అంటే 1600 మి.గ్రా. ఇస్తే గానీ గీత తాకదు. పెంచుకుంటా పోయే దారి మూసుకుపోయినట్టే.

ఐసీయూ_దర్గామిట్ట
అయితే ఎకైనోక్యాండినా (మైకాఫంగిన్, క్యాస్పోఫంగిన్ గుంపు మందు)? క్రియాటినిన్ 1.9కి డోసు తగ్గించాలా?

కిడ్నీ_కావలి
తగ్గించొద్దు. డయాలసిస్ మీద ఉన్నా మార్పు లేదు. మైకాఫంగిన్ రోజుకి 100 మి.గ్రా., లేదా క్యాస్పోఫంగిన్ మొదటి రోజు 70, తర్వాత 50, లేదా అనిడులాఫంగిన్ మొదటి రోజు 200, తర్వాత 100. క్యాస్పోఫంగిన్ అయితే లివర్ చూసుకోండి, ఓ మోస్తరుగా దెబ్బతిని ఉంటే రోజూ ఇచ్చే డోసు 35కి దించాలి.

కల్చర్‌ప్లేట్ సార్ చెప్పిన పరీక్షల కోసం మందు ఆపి కూర్చోవద్దు. ఈ రాత్రికే మొదలుపెట్టండి. పేరు తేలాక మార్చుకోవచ్చు.

కల్చర్‌ప్లేట్_ఒంగోలు
అవును, ఆగొద్దు. ఇంకొక్క మాట. లైను తీశారా? తీయకుండా ఏ మందు పోసినా ఉపయోగం తక్కువ. ప్లాస్టిక్ మీద పేరుకున్న ఫంగస్ జిగురు పొరలోకి (బయోఫిల్మ్) అజోల్ మందులు, అంటే ఫ్లూకొనజోల్ గుంపువి, సరిగ్గా పోవు. కల్చర్ మళ్ళీ మళ్ళీ పాజిటివ్ రావడానికి రెసిస్టెన్స్ కంటే ముందు చూడాల్సింది అదే.

పీజీ_మెడిసిన్
చాలామందిలో కొలిక్కిరాని సందేహం. మొదటినుంచీ మందు పనిచేయకపోవడానికీ, మధ్యలో మొండికేయడానికీ తేడా ఎట్టా పట్టుకునేది?

కల్చర్‌ప్లేట్_ఒంగోలు
తేడా చాలా ఉంది, మందు ఎంచుకోవడం దాని మీదే ఆధారపడుతుంది.

కొన్ని ఫంగస్‌లకి కొన్ని మందులు పుట్టుకతోనే పడవు. క్యాండిడా క్రుసైకి ఫ్లూకొనజోల్ పడదు, ఎంఐసీ చూడాల్సిన పని కూడా లేదు. ఆస్పర్జిల్లస్ దేనికీ ఫ్లూకొనజోల్ పనిచేయదు. ఆస్పర్జిల్లస్ టెర్రియస్‌కి ఆంఫోటెరిసిన్ పడదు. మ్యూకర్ (బ్లాక్ ఫంగస్) మీద వోరికొనజోల్ ప్రభావం సున్నా. క్రిప్టోకాకస్‌కీ ట్రైకోస్పోరాన్‌కీ ఎకైనోక్యాండిన్లు పనికిరావు. ఇక్కడ చేయాల్సిందల్లా పేరు సరిగ్గా రాబట్టడమే. ‘క్యాండిడా స్పీషీస్’ అని రాసి పంపే రిపోర్టుతో డాక్టర్‌కి సగం కళ్ళు మూసినట్టే. పేరు లేకుండా వచ్చిన రిపోర్టుని తిప్పి పంపండి, మొహమాటపడొద్దు.

రెండో రకం మధ్యలో నేర్చుకున్నది. ఫ్లూకొనజోల్ పట్టుకోవాల్సిన ఎంజైమ్ జన్యువు ఈఆర్‌జీ11. దాంట్లో వై132ఎఫ్, కే143ఆర్ లాంటి మార్పులు వస్తాయి. లేదా లోపలికొచ్చిన మందుని బయటికి తోసే పంపులు ఎక్కువవుతాయి. ఎకైనోక్యాండిన్లకైతే ఎఫ్‌కేఎస్1 జన్యువులో మార్పు. ఇది చికిత్స మధ్యలోనే, అదే పేషెంట్‌లో వచ్చేయగలదు. అందుకే రెండు వారాల మైకాఫంగిన్ తర్వాత కల్చర్ మళ్ళీ పాజిటివ్ అయితే పాత ఎంఐసీ చూసి సరిపెట్టుకోవద్దు, కొత్త ఐసొలేట్‌కి (కల్చర్‌లో పెరిగిన ఫంగస్‌కి) మళ్ళీ పరీక్ష చేయించాలి.

ఐసీఎన్_సిస్టర్_నెల్లూరు
మందుల మాటల్లో పడి అసలైనది మరిచిపోతా ఉండారు. ఆరిస్ అనే అనుమానం ఉందంటే ఆ పక్క బెడ్ల సంగతేంది? ఇది మిగతా క్యాండిడాల మాదిరిగా పేషెంట్ పేగుల్లోంచి మాత్రమే వచ్చేది కాదు. చేతుల ద్వారా పాకుతుంది, బెడ్ రెయిల్స్ మీద, బీపీ కఫ్ మీద వారాల తరబడి బతుకుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక న్యూరో ఐసీయూలో అది అంటుకుంటా పోవడానికి కారణం చంకలో పెట్టే టెంపరేచర్ ప్రోబ్ అని తేలింది. ఒకరికి పెట్టింది తుడిచి ఇంకొకరికి పెట్టారు, అంతే.

చేయాల్సినవి:
విడి గది. లేకపోతే మూల బెడ్, మధ్యలో ఖాళీ. గౌను, గ్లౌజులు ఆ బెడ్ దగ్గరే వేసుకుని అక్కడే విప్పాలి. థర్మామీటర్, స్టెతస్కోప్, కఫ్ ఆ పేషెంట్‌కే విడిగా ఉంచాలి.

చేతులకి ఆల్కహాల్ రబ్ చాలు, మురికి కనిపిస్తే సబ్బు నీళ్ళు. గ్లౌజులు వేసుకున్నాం కదా అని చేతులు రుద్దుకోవడం మానొద్దు.

నేలకీ, బెడ్‌కీ క్వాటర్నరీ అమ్మోనియం ద్రావణాలు ఒక్కటే వాడితే ఇది చావదు. హైపోక్లోరైట్ కావాలి. 5 శాతం హైపో 20 మి.లీ. తీసి నీళ్ళు కలిపి లీటరు చేస్తే 0.1 శాతం, అంటే 1000 పీపీఎం. తుడిచాక పది నిమిషాలు తడిగా ఉండాలి. వెంటనే పొడిబట్టతో తుడిచేస్తే చేసిన పని వృథా. ఏ రోజుది ఆ రోజే కలపాలి. క్యాన్‌ని కిటికీ పక్కన ఎండ తగిలేచోట పెడితే 5 శాతం అని రాసుంటుంది గానీ లోపల అంత ఉండదు. మన వేసవిలో మరీను.

కావలి_ఫార్మసీ
సిస్టర్ చెప్పింది ప్రింట్ తీసి గోడకి అంటించాలి.

పీజీ_మెడిసిన్
పక్క బెడ్లవాళ్ళకి స్క్రీనింగ్ ఎట్టా? గొంతు స్వాబా?

ఐసీఎన్_సిస్టర్_నెల్లూరు
చంకలు రెండూ, గజ్జలు రెండూ కలిపి ఒకే స్వాబ్. పాజిటివ్ వస్తే దూరంగా ఉంచాలి గానీ మందు ఇవ్వకూడదు. చర్మం మీద నెలల తరబడి ఉంటుంది, దాన్ని పూర్తిగా పోగొట్టే పద్ధతి ఇంకా లేదు. మందు ఇస్తే ఉన్నదాన్ని ఇంకా మొండిగా తయారు చేసినట్టు.

ఐసీయూ_రెండోషిఫ్ట్
ఇంత తతంగం దేనికి? జ్వరం తగ్గని ప్రతి ఐసీయూ పేషెంట్‌కీ మొదటి రోజునుంచే క్యాస్పోఫంగిన్ వేసేస్తే పోలా? పేరు తేలేలోపు మనిషి పోతున్నాడు.

కిడ్నీ_కావలి
ఒప్పుకోను. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుందన్నది నిజమే. షాక్‌లో ఉండి, లైను ఉండి, పొట్ట ఆపరేషనై, టీపీఎన్ మీద ఉండి, యాంటీబయాటిక్స్ మీద వారం దాటినవాళ్ళకి ముందే మొదలుపెట్టడంలో తప్పులేదు. కానీ జ్వరం ఒక్కటే చూసి అందరికీ వేస్తే ఆ ఐసీయూలో ఎకైనోక్యాండిన్‌కి లొంగని ఆరిస్‌నీ క్యాండిడా గ్లాబ్రాటానీ మనమే ఏరి పెంచుతాం. ఆరిస్‌కి అదే మొదటి మందు. అది పోతే చేతిలో మిగిలేది ఆంఫో ఒక్కటే.

ముందే మొదలుపెడితే ఆపే రోజు కూడా రాసుకోవాలి. నాలుగైదు రోజుల్లో కల్చర్లు నెగటివ్, బీటా-డి-గ్లూకాన్ (ఫంగస్ జాడ చూపే రక్తపరీక్ష) నెగటివ్, పేషెంట్ కూడా మెరుగయితే ఆపేయాలి. మొదలుపెట్టడం అందరికీ వచ్చు, ఆపడానికే ఎవరికీ చెయ్యి రాదు.

కల్చర్‌ప్లేట్_ఒంగోలు
దానికి తోడు కఫంలో క్యాండిడా వచ్చిందని, క్యాథెటర్ పెట్టినవాళ్ళ మూత్రంలో వచ్చిందని ఫ్లూకొనజోల్ రాయడం ఆపాలి. వెంటిలేటర్ పేషెంట్ కఫంలో క్యాండిడా అంటే నోట్లో ఉన్నదే కిందికి దిగింది, నిమోనియా కాదు. మూత్రంలో వచ్చి లక్షణాలు లేకపోతే క్యాథెటర్ తీసేయండి, చాలామందికి అదే పోతుంది. న్యూట్రోఫిల్స్ పడిపోయినవాళ్ళు, మూత్రనాళాల ఆపరేషన్‌కి పోతున్నవాళ్ళు, చాలా తక్కువ బరువుతో పుట్టిన పసిపిల్లలు వేరే సంగతి.

ఐసీయూ_రెండోషిఫ్ట్
ఆపే రోజు రాసుకోవాలన్నది ఒప్పుకుంటా. మూత్రంలో నిజంగానే ఆరిస్ ఇన్ఫెక్షన్ ఉంటే? జ్వరం, నడుము నొప్పి అన్నీ ఉంటే?

కల్చర్‌ప్లేట్_ఒంగోలు
అక్కడే చిక్కు. ఎకైనోక్యాండిన్లు మూత్రంలోకి సరిగ్గా రావు. కంట్లోకీ మెదడులోకీ కూడా అంతే. మూత్రంలో అయితే మామూలు ఆంఫోటెరిసిన్ డీఆక్సీకోలేట్ వైపే పోవాలి. మూత్రంలోకి లైపోసోమల్ కంటే అదే మెరుగు. ఫ్లూసైటొసిన్ దొరికితే మంచిదే గానీ జిల్లాలో ఏ కౌంటర్‌లోనూ కనిపించేది కాదు. దొరికినా ఒంటరిగా ఇస్తే రోజుల్లోనే రెసిస్టెన్స్ వచ్చేస్తుంది.

కావలి_ఫార్మసీ
ఆంఫో పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఇది చదివేవాళ్ళలో సిస్టర్లూ హౌస్‌సర్జన్లూ ఉంటారు.

ఆంఫోటెరిసిన్ రెండు రకాలు. మామూలుది కిలోకి 0.7 నుంచి 1 మి.గ్రా. లైపోసోమల్ కిలోకి 3 నుంచి 5, మ్యూకర్‌లో 5 నుంచి 10. రెండు వయల్స్ మీదా 50 మి.గ్రా. అనే ఉంటుంది. లైపోసోమల్ డోసు రాసి, స్టోర్‌లో లేదని మామూలుది అదే లెక్కన ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. ఇండెంట్‌లో ‘ఆంఫో’ అని పొట్టిగా రాయొద్దు. పూర్తి పేరు, కిలోకి ఎన్ని మి.గ్రా., మనిషి బరువు ఎంత, మూడూ రాయాలి.

మామూలుది: 50 మి.గ్రా. వయల్‌లో 10 మి.లీ. స్టెరైల్ వాటర్, తర్వాత 500 మి.లీ. 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో. సెలైన్ ఒక్క చుక్క కూడా తగలకూడదు, విరిగి అవక్షేపం అయిపోతుంది. 4 నుంచి 6 గంటలు. ఎక్కించే ముందు 500 మి.లీ. నార్మల్ సెలైన్ వేరుగా ఇస్తే కిడ్నీకి రక్షణ. ఆ సెలైన్ పోయిన లైన్‌నే వాడితే మధ్యలో డెక్స్‌ట్రోజ్‌తో కడగాలి.

లైపోసోమల్: 12 మి.లీ. స్టెరైల్ వాటర్ పోసి వెంటనే 30 సెకన్లు గట్టిగా ఊపాలి. మెల్లగా తిప్పితే ఉండలు కడుతుంది. వయల్‌తో వచ్చే 5 మైక్రాన్ ఫిల్టర్‌లోంచే తీసి డెక్స్‌ట్రోజ్‌లో కలపాలి. ఫిల్టర్ పారేసి మామూలు సూదితో లాగడం చాలాచోట్ల జరుగుతుంది. రెండు గంటలు ఎక్కించాలి.

క్యాస్పోఫంగిన్ దీనికి పూర్తిగా తలకిందులు. దాన్ని డెక్స్‌ట్రోజ్‌లో కలపకూడదు, సెలైన్‌లోనే. గంటలో ఎక్కించాలి.

ఐసీఎన్_సిస్టర్_నెల్లూరు
ఎక్కించేటప్పుడు చలి, వణుకు వస్తే డ్రిప్ ఆపేసి రేపు చూద్దాం అనుకుంటారు కొందరు. అట్టా రోజు తప్పి రోజు పడితే డోసు సగమే పోయినట్టు. ముందుగా పారాసిటమాల్, యాంటీహిస్టమిన్ ఇచ్చి వేగం తగ్గించి పూర్తి చేయాలి. పొటాషియం, మెగ్నీషియం, క్రియాటినిన్ వదలకుండా చూడాలి. మెగ్నీషియం సరిచేయకుండా ఎంత పొటాషియం పోసినా నిలవదు.

ఐసీయూ_దర్గామిట్ట
లైను తీసేశాం, మైకాఫంగిన్ 100 మొదలైంది. ల్యాబ్‌లో 42 డిగ్రీల ప్లేటు మీద బాగా పెరిగిందట. ఈ-టెస్ట్‌లో ఆంఫో 0.75. మాల్డీటాఫ్‌కి పంపాం. ఇంక ఏం చూడాలి, ఎన్నాళ్ళివ్వాలి?

కిడ్నీ_కావలి
రోజు విడిచి రోజు బ్లడ్ కల్చర్. మొదటిసారి నెగటివ్ వచ్చిన రోజునుంచి లెక్కపెట్టి 14 రోజులు. మందు మొదలుపెట్టిన రోజునుంచి కాదు. కంటి డాక్టర్‌ని పిలిచి పాపలు పెద్దవి చేసి రెటీనా చూపించండి. కల్చర్ ఐదు రోజులు దాటినా పాజిటివ్‌గానే ఉంటే ఎకో, మెడలో లైను ఉన్నచోట రక్తనాళానికి డాప్లర్, పొట్టకి సీటీ. చీము గూడు కట్టి ఉంటే ఏ ఎంఐసీ అయినా అక్కరకు రాదు, దాన్ని తీయాల్సిందే.

బుచ్చి_రైతు
డాక్టర్లు మాట్లాడుకునే చోట అడగొచ్చో లేదో. మేం వరికి కొట్టే మందుల పేర్లు కూడా ‘కొనజోల్’ అనే ఉంటాయి. హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్. వీటివల్లే ఆసుపత్రి మందులు పనిచేయడం లేదని ఎక్కడో చదివాను. నిజమేనా?

ఊపిరి_చీమకుర్తి
అడగాల్సిన చోటే అడిగారు. పైన మాట్లాడుతున్న క్యాండిడాకి కాదు గానీ ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ విషయంలో నిజం. మీ పొలంలో కొట్టే ట్రైయజోల్, మేం రాసే వోరికొనజోల్, ఇట్రాకొనజోల్ అన్నీ ఫంగస్‌లో ఒకే ఎంజైమ్‌ని పట్టుకుంటాయి. కుళ్ళే గడ్డిలో, కంపోస్టులో ఉండే ఆస్పర్జిల్లస్ ఆ మందుకి అలవాటు పడితే, దాని విత్తనాలు గాల్లో లేచి ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోయినా వోరికొనజోల్‌కి లొంగవు. జీవితంలో ఒక్క అజోల్ మాత్ర వేసుకోని మనుషుల్లో కూడా ఇలాంటివి దొరికాయి. టీఆర్34/ఎల్98హెచ్ అనే మార్పు మొదట నెదర్లాండ్స్‌లో బయటపడింది, 2012లో మన దేశం ఐసొలేట్లలో కూడా ఉందని ఢిల్లీ పరిశోధకులు రాశారు. డబ్ల్యూహెచ్ఓ 2022లో వేసిన ఫంగస్‌ల జాబితాలో అత్యంత ప్రమాదకరమైన నాలుగింటిలో ఆరిస్‌తోపాటు ఇదీ ఉంది.

చర్మం_ఆత్మకూరు
అంటే తప్పంతా రైతుదే అన్నమాట.

ఏఓ_టంగుటూరు
కాదు మేడమ్, అట్టా తేల్చేయొద్దు. పైరు మీద ఆస్పర్జిల్లస్ సమస్య కాదు, అది పెరిగేది కుప్పలో. నెదర్లాండ్స్‌లో కూడా గట్టిగా దొరికింది పూలదుంపల వ్యర్థాల కుప్పల్లో. రైతు తెగులు వస్తే మందు కొట్టక ఏం చేస్తాడు? ఏది కొట్టాలో, ఎన్నిసార్లు కొట్టాలో చెప్పేవాడు లేకపోవడమే ఇబ్బంది.

బుచ్చి అన్నా, పేరు చివర ‘జోల్’ ఉందని అన్నీ ఒకటి కాదు. అగ్గితెగులుకి కొట్టే ట్రైసైక్లజోల్ (లీటరుకి 0.6 గ్రా.) వేరే గుంపు. ఫంగస్ మెలనిన్ తయారీని ఆపుతుంది, ఆసుపత్రి మందులతో చుట్టరికం లేదు. హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్, టెబుకొనజోల్, డైఫెనకొనజోల్ మాత్రం ఆ గుంపువే.

పాముపొడ తెగులుకి హెక్సాకొనజోల్ లీటరుకి 2 మి.లీ. ఒకసారి కొట్టాక, రెండోసారి అవసరమైతే వాలిడామైసిన్ లీటరుకి 2 మి.లీ. కొట్టుకో. ఆ తర్వాత మానిపండు తెగులుకి పొట్టదశలో ప్రొపికొనజోల్ లీటరుకి 1 మి.లీ. ఎటూ కొడతావు. మూడూ కొనజోళ్ళే అయితే సీజనంతా ఒకే దెబ్బ. తెగులు రాకముందే ‘గింజ మెరుపు కోసం’ అని అంగట్లో చేతిలో పెట్టేది తీసుకోవద్దు. మిరపలో ఇంకా ఎక్కువ జరుగుతోంది, బూడిద తెగులుకీ కాయకుళ్ళుకీ డైఫెనకొనజోల్, టెబుకొనజోల్ ఒకదాని వెనక ఒకటి పడుతున్నాయి.

బుచ్చి_రైతు
గింజ మెరుపు మాట నిజం, అంగట్లో అట్టానే ఇస్తా ఉండారు. గడ్డి సంగతి?

ఏఓ_టంగుటూరు
మందు మిగిలిన నీళ్ళు, డబ్బాలు కడిగిన నీళ్ళు పెంటదిబ్బ మీద పోయొద్దు. తడిసి బూజుపట్టిన గడ్డివామి కదిలించేటప్పుడు ముక్కుకి తువ్వాలు కాదు, ఎన్95 మాస్కు. ఇంట్లో పాత టీబీ మనిషో, ఆస్తమా మనిషో, స్టెరాయిడ్లు వాడేవాళ్ళో ఉంటే వాళ్ళని ఆ పనికి పంపొద్దు.

ఊపిరి_చీమకుర్తి
ఆ చివరి మాట మా వైపు చాలా అవసరం. రాతి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు, ఆపైన టీబీ, టీబీ మానాక మిగిలిన గుల్ల, ఆ గుల్లలో ఆస్పర్జిల్లస్. కఫంలో రక్తం పడితే మళ్ళీ టీబీ అనుకుని రెండోసారి, మూడోసారి టీబీ మందులు మొదలవుతాయి. సీబీనాట్ (టీబీ జన్యు పరీక్ష) నెగటివ్, కఫంలో బ్యాక్టీరియా లేదు అంటే ఆస్పర్జిల్లస్ ఐజీజీ రక్తపరీక్ష, సీటీ చేయించాలి.

ఇక్కడ రెసిస్టెన్స్ అనుకునేవాటిలో ఎక్కువభాగం రెసిస్టెన్స్ కాదు. ఇట్రాకొనజోల్ 200 మి.గ్రా. రోజుకి రెండుసార్లు ఇస్తూ పక్కనే రిఫాంపిసిన్ ఉంచుతారు. రిఫాంపిసిన్ ఉంటే రక్తంలో ఇట్రాకొనజోల్ దాదాపు మిగలదు, వోరికొనజోల్ కూడా అంతే. రిఫాంపిసిన్ ఆపినా ఆ ప్రభావం రెండు వారాల దాకా ఉంటుంది. ఫిట్స్‌కి ఫెనిటాయిన్ వాడేవాళ్ళదీ ఇదే కథ. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ అన్నం తిన్నాక వేసుకోవాలి, పొట్టలో ఆమ్లం ఉంటేనే కరుగుతుంది. పొద్దున్నే పరగడుపున పాంటాప్రజోల్ వేసుకుని దానివెంటే ఇది వేసుకుంటే ఒంటికి పట్టేది తక్కువ.

వోరికొనజోల్ అయితే మొదటి రెండు డోసులు కిలోకి 6 మి.గ్రా. 12 గంటల తేడాతో, తర్వాత కిలోకి 4. ఐదో రోజు, తర్వాతి డోసు ఇచ్చేముందు రక్తం తీసి లెవెల్ చూడాలి, 1 నుంచి 5.5 మధ్య ఉండాలి. జన్యువులను బట్టి ఒకరికి మరీ తక్కువ, ఒకరికి మరీ ఎక్కువ ఉంటుంది. 0.3 లెవెల్ ఉన్న మనిషిని రెసిస్టెంట్ అనడానికి లేదు. లెవెల్ సరిగ్గా ఉండి, మందు పడుతున్నా పెరుగుతుంటే అప్పుడు ఎంఐసీ అడగండి.

పీజీ_మెడిసిన్
మ్యూకర్‌కి కూడా ఇలాంటి రెసిస్టెన్స్ వస్తోందా? కోవిడ్ అప్పుడు వోరికొనజోల్ వాడినవాళ్ళకే ఎక్కువ వచ్చిందని అంటారు.

కల్చర్‌ప్లేట్_ఒంగోలు
మ్యూకర్‌కి వోరికొనజోల్ మొదటినుంచీ పనిచేయదు, కొత్తగా వచ్చిందేం లేదు. 2021లో మన దగ్గర కేసులు పెరగడానికి పెద్ద కారణాలు అదుపులో లేని షుగర్, స్టెరాయిడ్లు. ప్రమాదం ఎక్కడంటే, ముక్కు ఎండోస్కోపీలో నల్ల పొర చూసి ‘ఫంగస్’ అని వోరికొనజోల్ మొదలుపెట్టడం. మైక్రోస్కోప్ కింద కేఓహెచ్ స్లయిడ్‌లో అడ్డుగోడలు లేని వెడల్పాటి రిబ్బన్ల మాదిరి దారాలుంటే మ్యూకర్. సన్నగా, అడ్డుగోడలతో, 45 డిగ్రీల కోణంలో చీలితే ఆస్పర్జిల్లస్ లాంటిది. గంటలో తేలుతుంది. మ్యూకర్ అయితే లైపోసోమల్ ఆంఫో, ఆపరేషన్, షుగర్ అదుపు, మూడూ ఒకే రోజు మొదలవ్వాలి. తర్వాత మాత్రల్లోకి మారితే పొసకొనజోల్, ఐసావుకొనజోల్.

చర్మం_ఆత్మకూరు
ఇది ప్రాణాంతకం కాకపోయినా రెసిస్టెన్స్ ఎట్టా పుడుతుందో చూడటానికి తామర కంటే మంచి ఉదాహరణ లేదు. క్లోబెటసాల్, ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినాఫిన్ అన్నీ ఒకే ట్యూబులో కలిపిన క్రీములు మందుల షాపుల్లో చేతికి ఇచ్చేస్తున్నారు. దురద రెండు రోజుల్లో తగ్గుతుంది, తామర మాత్రం ఒళ్ళంతా పాకుతుంది. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ట్రైకోఫైటాన్ ఇండోటిని అనే ఫంగస్. టెర్బినాఫిన్ పట్టుకునే స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ ఎంజైమ్‌లో ఎఫ్397ఎల్, ఎల్393ఎఫ్ మార్పులుంటే ఎన్ని నెలలు మింగినా లాభం లేదు. స్టెరాయిడ్ ఉన్న ట్యూబు చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఫార్మసీ వాళ్ళు ఇక్కడ ఉన్నారు కాబట్టి సూటిగానే అడుగుతున్నా, ఎందుకిస్తున్నారు?

కావలి_ఫార్మసీ
సూటిగానే చెప్తా మేడమ్. ఇవ్వకూడదు. కౌంటర్‌లో ఇవ్వనంటే పక్క షాపుకి పోతారన్నది కారణం చూపించుకోవడానికే గానీ సమాధానం కాదు. ఇచ్చేవాళ్ళని ఇక్కడే ఇట్టా నిలదీయాలి.

కంటిపాప_కందుకూరు
కంటి విషయంలో ఇంకా ఘోరం. వరికోతల్లో ఊక పడో, ఆకు గీసుకునో కంటిమీద పుండు పడితే స్టెరాయిడ్ చుక్కలు వేసుకుని వస్తారు. ఫంగస్ పుండుకి నాటామైసిన్ 5 శాతం, మొదట్లో గంటగంటకీ, పగలూ రాత్రీ. వోరికొనజోల్ చుక్కలు కొత్తవి కదా మెరుగు అనుకోవద్దు. దక్షిణాదిలోని అరవింద్ కంటి ఆసుపత్రుల్లో జరిగి, 2013లో ఫలితాలు వచ్చిన పెద్ద ట్రయల్‌లో నాటామైసినే గెలిచింది, ఫ్యూసేరియం అనే ఫంగస్ అయితే మరీ స్పష్టంగా. గీరి తీసిన ముక్కని స్లయిడ్ మీదా, ప్లేటు మీదా పెట్టకుండా చుక్కలు మార్చుకుంటా పోతే ఏది రెసిస్టెన్సో, ఏది లోతుకి పోయిన పుండో చెప్పలేం.

ఐసీయూ_రెండోషిఫ్ట్
ల్యాబ్ సార్‌కి ఒక ప్రశ్న. ఐసొలేట్‌ని బయటికి పంపాలంటే ఎట్టా? ఒకసారి స్వాబ్ పంపితే ‘గ్రోత్ లేదు’ అని వచ్చింది.

కల్చర్‌ప్లేట్_ఒంగోలు
స్వాబ్ కాదు. ఒక్క కాలనీ ఏరి కొత్త సబురో ప్లేటు మీద గీసి, అది ఒకే రకమని తేలాక సబురో స్లాంట్ (ట్యూబులో వాలుగా గట్టిపడిన మీడియం) మీదికి మార్చాలి. క్రోమోజెనిక్ ప్లేటు మీద కూడా గీస్తే రెండు రకాలు కలిసి ఉంటే రంగుల్లో బయటపడతాయి. కలిసి ఉన్నదాన్ని పంపితే వచ్చే ఎంఐసీ ఎవరిదో తెలియదు. 35 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులు పెంచి, మూత బిగించి, చుట్టూ పారాఫిల్మ్. దాని చుట్టూ పీల్చుకునే దూది, పైన కారని ప్లాస్టిక్ డబ్బా, ఆపైన గట్టి అట్టపెట్టె. ఐస్ అక్కర్లేదు, మామూలు వేడిలోనే పోవచ్చు. ఎండలో బండి డిక్కీలో మాత్రం వదిలేయొద్దు.

చీటీలో శాంపిల్ ఏది, తీసిన తేదీ, పేషెంట్ ఏయే యాంటీఫంగల్ ఎన్ని రోజులు వాడారు, మీ ల్యాబ్‌లో ఏ యంత్రం ఏ పేరు వేసింది, ఇవన్నీ రాయాలి. చండీగఢ్ పీజీఐలో జాతీయ ఫంగస్ సేకరణ కేంద్రం ఉంది, అక్కడ గుర్తింపూ ఎంఐసీ రెండూ చూస్తారు. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి మనకి దగ్గర. పంపిన స్లాంట్‌కి జంటగా ఇంకొకటి మీ ఫ్రిజ్‌లో దాచుకోండి. దారిలో పగిలితే మళ్ళీ పేషెంట్ రక్తం మీద ఆధారపడాల్సిన అవసరం ఉండదు. తర్వాత ఇంకో కేసు వచ్చినప్పుడు రెండూ ఒకటేనా కాదా పోల్చడానికీ అదే కావాలి.

ఐసీఎన్_సిస్టర్_నెల్లూరు
ఫ్రిజ్‌లో పెట్టే స్లాంట్ మీద పేరు, తేదీ, బెడ్ నంబరు రాయండి సార్, పుణ్యముంటుంది. రెండు బెడ్లలో వస్తే అది ఒకరినుంచి ఒకరికి పాకిందా అని వెతికేటప్పుడు ఆ బెడ్ నంబరే మాకు మొదట కావాల్సింది.